గుర్రపు స్వారీ: ట్రాట్‌లో భుజాలు ముందుకు వాలిపోతున్నాయి, ఎలా సరిచేసుకోవాలి?

కొత్తరౌతు:
అందరికీ నమస్కారం. గుర్రం మామూలుగా నడిచే వాక్‌లో బాగానే కూర్చుంటున్నాను. కుదుపుతో సాగే జోరునడక, అంటే ట్రాట్ మొదలవగానే భుజాలు ముందుకు వచ్చేస్తాయి, తల దిగిపోతుంది, చూపు గుర్రం మెడ మీద పడుతుంది. కోచ్ "భుజాలు వెనక్కి" అంటారు. లాగి పట్టుకుంటే నాలుగడుగులు నిలుస్తాయి, తర్వాత మళ్లీ మామూలే. పైగా నడుము కింద పట్టేసినట్టు ఉంటోంది. నేను వాలిన ప్రతిసారీ గుర్రం వేగం పెంచుతుంది, అది వేగం పెంచితే నాకు టెన్షన్, ఆ టెన్షన్‌తో ఇంకా వాలిపోతాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. గుర్రం మీద చేసేవి, ఇంట్లో చేసేవి, ఏవైనా సరే, మీకు పనికొచ్చినవి చెప్పండి.

జూలు:
ముందు చూపు సంగతి చూడండి. మనిషి తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు ఉంటుంది, మీద హెల్మెట్ కూడా. అంత బరువు ముందుకు వంగితే మెడ, భుజాలు, వీపు పైభాగం వరసగా దాని వెంటే వెళ్తాయి. మూలమలుపులో ఉన్నప్పుడే ఎదురుగా వచ్చే గోడ మీద ఏదో ఒక గుర్తు ఎంచుకుని, అక్కడికి చేరేదాకా దాన్నే చూడండి. గుర్రం మెడ ఏం చేస్తోందో చూపు అంచున ఎలాగూ కనిపిస్తూనే ఉంటుంది.

అశ్విని:
కొత్తరౌతు గారూ, వంపు భుజాల దగ్గర కనిపిస్తోంది కాబట్టి భుజాల దగ్గరే సరిచేయాలని అనిపిస్తుంది. నా అనుభవంలో చాలామందికి అసలు సంగతి కింద ఉంటుంది: కటి (తుంటి ఎముకల గూడు) ఎలా కూర్చుంది, కాలు ఎక్కడ వేలాడుతోంది అన్నది. అవి కుదరకుండా భుజాలను ఎంత వెనక్కి లాగినా నిలవవు. లాగినప్పుడు ఛాతీ ముందుకు పొడుచుకొస్తుంది, నడుము లోపలికి నొక్కుకుపోతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి. మీ నడుము పట్టేయడానికి అదే కారణం అయి ఉండొచ్చు. బిగుసుకున్న నడుము ట్రాట్ కుదుపును లోపలికి తీసుకోలేదు. ఆ కుదుపు పైకి పాకి చివరికి మెడ దగ్గర బయటపడుతుంది. అందుకే నాలుగడుగులకే మళ్లీ వాలిపోతున్నారు.

ఇంట్లో గట్టి కుర్చీ మీద కూర్చుని రెండు అరచేతులూ పిరుదుల కింద పెట్టుకోండి. రెండు గట్టి ఎముకలు అరచేతులకు గుచ్చుకుంటాయి. మన సీటు అంటే అవే. ఇప్పుడు నడుమును లోపలికి వంచండి. ఎముకల మొన వెనక్కి తిరుగుతుంది, బరువు తొడల వైపు, ముందుకు జారుతుంది. తర్వాత గూని పెట్టి వెనక్కి కూలబడండి, మొన ముందుకు తిరిగి బరువు తోకఎముక మీదికి వెళ్తుంది. ఈ రెంటికీ మధ్య ఎముకలు సూటిగా కిందికి చూసే చోటు ఒకటి ఉంది. అక్కడ ఆగి గమనించండి. భుజాలను మీరు ఏమీ చేయకుండానే తల, మెడ, ఛాతీ ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి. ట్రాట్‌లో వెతుక్కోవాల్సింది ఆ చోటునే.

పక్క నుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిట్టనిలువు గీతలో ఉండాలని అందరూ చెప్పేదే. ఉన్నట్టుండి గుర్రాన్ని కింద నుంచి తీసేస్తే మీరు రెండు కాళ్ల మీద నిలబడిపోవాలి. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు సైనికుడు జెనొఫోన్ ఈ మాట రాశాడు: గుర్రం మీద కూర్చోవడం కుర్చీలో కూర్చున్నట్టు కాదు, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉండాలని. ఆయన కాలంలో పాదాలు పెట్టుకునే రికాబులే లేవు.

మడమకిందికి:
అశ్విని గారు చెప్పినదానికి ఒక పరీక్ష జోడిస్తాను. గుర్రం నిలబడి ఉండగా, పగ్గాలను పట్టుకుని వేలాడకుండా, రికాబుల మీద నిటారుగా లేచి నిలబడండి. జూలు మీద వేళ్లు ఆనించుకోవచ్చు, బరువు మాత్రం వేయకూడదు. వెనక్కి ధబ్బున జీను మీద పడితే మీ పాదాలు తుంటి కన్నా ముందున్నాయి. గుర్రం మెడ మీదికి తూలితే కాలు వెనక్కి పోయింది, మడమ పైకి లేచింది. కాళ్లు సరిగ్గా మీ కింద ఉన్నప్పుడే నిలబడగలరు. నిలబడి చేసేటప్పుడు కుదిరాక వాక్‌లో చేయండి, ఆ తర్వాత ట్రాట్‌లో. మోకాలితో జీనును నొక్కి పట్టుకుంటే మాత్రం ఈ పరీక్ష వల్ల లాభం లేదు.

రికాబుల పొడవు కూడా చూసుకోండి. అడ్డంకులు దూకించని మామూలు ఫ్లాట్‌వర్క్‌కి పాదాలు బయటికి తీసి కాళ్లు వదిలేస్తే రికాబు అడుగుపట్టీ చీలమండ ఎముక దగ్గర తగలాలి. అంతకన్నా బాగా కిందికి ఉంటే మునివేళ్లతో దాన్ని వెతుక్కుంటూ శరీరం ముందుకు వంగుతుంది. చాలామంది భుజాల వంపు రికాబు పట్టీని ఒక్క రంధ్రం పైకి కట్టగానే తగ్గడం నేను చూశాను.

చేతక్:
"భుజాలు వెనక్కి" అని కోచ్ అనడంలో తప్పేముంది? నేను నేర్చుకున్న చోట మోచేతుల మధ్య నుంచి వీపు వెనకగా విప్ (స్వారీ కర్ర) దూర్చి క్లాసంతా తిప్పేవారు. ఛాతీ తెరుచుకుంటుంది, వారాల్లో అలవాటైపోతుంది. అన్నిటికీ కటి, కటి అంటే కొత్తవాళ్లకు ఏం అర్థమవుతుంది?

అశ్విని:
చేతక్ గారూ, అలా నేర్చుకుని బాగా కూర్చునేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ మోచేతుల వెనక కర్ర ఉన్నప్పుడు గుర్రం బెదిరితే చేతులు ముందుకు రావు. పడినప్పుడు ఆ కర్ర వీపు కిందే ఉంటుంది. కొత్తవాళ్లకు ఆ పద్ధతి చెప్పడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఛాతీ తెరవడానికి ప్రమాదం లేని దారి ఉంది. ఒక చేతిలో పగ్గాలు పట్టుకుని రెండో చేతిని నిటారుగా పైకెత్తండి. పక్కటెముకలకూ తుంటికీ మధ్య చోటు పెరగడం తెలుస్తుంది. ఆ చోటును అలాగే ఉంచి చేతిని మాత్రం దించండి. తర్వాత రెండో వైపు. వాక్‌లో మొదలుపెట్టి, నెమ్మదైన గుర్రం మీద ట్రాట్‌లోనూ చేయొచ్చు.

మాట విషయానికొస్తే, "వెనక్కి" అనే బదులు "రొమ్ము ఎముక పైకి, భుజం రెక్కలు కిందికి" అని చెప్పుకుంటే నడుము బిగుసుకోదు. రెక్కలు జేబుల్లోకి జారుతున్నాయనుకుంటే చాలు.

చేతక్:
పడినప్పటి సంగతి సబబే, ఒప్పుకుంటాను. విప్‌ని రెండు బొటనవేళ్ల కింద అడ్డంగా పట్టించడం మాత్రం మానొద్దు. చేతులు ఒకటి పైకి ఒకటి కిందికి పోతే వెంటనే కనిపిస్తుంది, కావాలంటే వదిలేయొచ్చు.

పాతజీను:
జీను గురించి ఎవరూ అనలేదు. గుర్రం మీద పెట్టిన జీనును, పైన ఎవరూ లేకుండా, సమతలంగా ఉన్న నేల మీద పక్క నుంచి చూడండి. కూర్చునే చోట అతి లోతైన భాగం మధ్యలో ఉండాలి. అది వెనక్కి ఉంటే మీరు ఎంత ప్రయత్నించినా వెనక్కి జారుతుంటారు, కాళ్లు ముందుకు పోతాయి. ఆ జారుడు నుంచి తప్పించుకోవడానికి శరీరం నడుము పైభాగాన్ని ముందుకు వంచుతుంది. బయటికి భుజాలు వంగినట్టు కనిపిస్తుంది, కానీ అక్కడ శరీరం చేస్తున్నది పడిపోకుండా ఆపుకోవడమే. రికాబు పట్టీ తగిలించే కొక్కెం మరీ ముందుకు ఉన్న జీనుల్లో కూడా ఇదే జరుగుతుంది. స్కూలు గుర్రమైతే జీను మార్చడం మన చేతిలో ఉండదు. అయినా వేరే జీను మీద ఒక్క క్లాసు అడిగి చూడండి. అక్కడ మీరు తేలిగ్గా నిటారుగా కూర్చుంటే తప్పు మీది కాదని తేలిపోతుంది.

కొత్తరౌతు:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నిలబడే పరీక్ష చేశాను. ప్రతిసారీ వెనక్కే పడ్డాను. రికాబులు ఒక రంధ్రం పైకి కట్టించుకుని, మడమలను తుంటి కిందికి తెచ్చుకున్నాక వాక్‌లో నిలబడగలిగాను. ట్రాట్‌లో ఇంకా రాలేదు. కుర్చీ మీద ఎముకల సంగతి చాలా బాగా అర్థమైంది.

ఇప్పుడు ఇంకో సందేహం. జీను మీద నుంచి లేస్తూ కూర్చుంటూ చేసే రైజింగ్ ట్రాట్‌లో లేచినప్పుడల్లా నా చేతులు కూడా పైకి లేస్తున్నాయి, గుర్రం తల విసురుతోంది. చేతులను కదలకుండా పెట్టాలంటే భుజాలు బిగుసుకుంటున్నాయి.

అశ్విని:
అది మోచేతుల సమస్య. చేతులు కదలకూడదంటే మోచేతులు కదలాలి. మీరు లేచినప్పుడు మోచేయి కొంచెం తెరుచుకోవాలి, కూర్చున్నప్పుడు ముడుచుకోవాలి, పిడికిలి మాత్రం జూలు పైన ఒకే ఎత్తులో ఉండాలి. రెండు చేతుల్లో నిండు గ్లాసులు పట్టుకుని లేచి కూర్చుంటున్నట్టు అనుకోండి. మోచేయి బిగిస్తే శరీరంతో పాటు చేతులూ పైకొస్తాయి, ఆ కుదుపు నేరుగా గుర్రం నోట్లోని కళ్లెం మీద పడుతుంది. అది తల విసరడం ఆ నొప్పికే. చిటికెన వేలు జూలుకు తగిలీ తగలకుండా ఆనించి కొన్ని రౌండ్లు తిరగండి, చెయ్యి ఎప్పుడు లేస్తోందో వేలే చెబుతుంది.

ఇంకో మంచి ఉపాయం ఉంది. పగ్గాన్ని మామూలుగా ఉంగరపు వేలు, చిటికెన వేలు మధ్య నుంచి కాకుండా, పైనుంచి బొటనవేలు, చూపుడువేలు మధ్యగా పిడికిలిలోకి తీసుకోండి. బండి తోలేవాళ్లు పట్టుకునే తీరు అది. అలా పట్టుకుంటే మణికట్టు లోపలికి మడత పడదు, మోచేయి దానంతటదే పక్కటెముకల దగ్గరికి వస్తుంది, భుజం వెడల్పవుతుంది. కొన్ని నిమిషాలు చేసి మామూలు పట్టుకు మారితే ఆ తేడా శరీరానికి గుర్తుంటుంది.

లేవడం గురించి కూడా ఒక్క మాట. నిట్టనిలువుగా పైకి లేవొద్దు. తుంటి చేతుల వైపు, ముందుకూ పైకీ వెళ్లాలి. రైజింగ్‌లో తుంటి దగ్గర మడిచి నడుము పైభాగాన్ని కాస్త ముందుకు వంచడం తప్పేమీ కాదు. వీపు గుండ్రంగా అయితేనే తప్పు.

వెన్నుపూస:
నేను ఫిజియోథెరపిస్టుని, స్వారీ కూడా చేస్తాను. రోజంతా కూర్చునేవాళ్లకు తుంటి ముందు కండరాలు కురచబడతాయి. అవి తొడను వెనక్కి వేలాడనివ్వవు. జీను మీద కాలును బలవంతంగా కిందికి దింపితే కటి ముందుకు ఒరుగుతుంది, నడుము లోపలికి నొక్కుకుంటుంది. ఇక్కడ అందరూ చెబుతున్న గొలుసు అక్కడే మొదలవుతుంది.

అందుకే నా సలహా మొదట సాగదీయడం. ఒక మోకాలు నేల మీద, రెండో పాదం ముందు పెట్టండి. చాలామంది ఇక్కడ శరీరాన్ని ముందుకు తోసి నడుమును వంచేస్తారు, దాంతో లాభం పోతుంది. తోయకండి. నేల మీదున్న కాలి వైపు పిరుదును బిగించి తోకఎముకను కిందికి లాగండి. తొడ పైభాగంలో ముందువైపు సాగుతుంది. అర నిమిషం ఉంచి రెండో వైపు చేయండి. క్లాసుకు ముందు గుమ్మానికి ముంజేతులు ఆనించి ఒక అడుగు ముందుకు వేస్తే ఛాతీ కండరాలు కూడా వదులవుతాయి. టవల్‌ను గట్టిగా చుట్టి భుజం రెక్కల కింద అడ్డంగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం వీపు పైభాగానికి చాలా మంచిది.

బలానికి ఒక్కటి చెబుతాను. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ పైకి, మోకాళ్లు తుంటి మీదికి తొంభై డిగ్రీల్లో పెట్టండి. నడుము నేలను వదలకుండా, ఊపిరి వదులుతూ కుడి చేతిని తల వైపు, ఎడమ కాలిని దూరంగా చాపి వెనక్కి తెండి. తర్వాత ఎదురు జత. నడుము నేల నుంచి లేచిన క్షణంలో ఆపేయాలి. చేతులూ కాళ్లూ వేటికవి కదులుతున్నా మధ్యభాగం నిలకడగా ఉండడం, గుర్రం మీద మనకు కావాల్సింది అదే.

నడుము నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి వచ్చినా, రాత్రి నిద్ర చెడగొట్టినా వ్యాయామాలు ఆపి డాక్టర్‌కు చూపించుకోండి. దాన్ని స్వారీ భంగిమ తప్పు అనుకుని నెట్టుకు రావద్దు.

సాయంకాలంస్వారీ:
అశ్విని అక్కా, వెన్నుపూస గారూ, ఆడవాళ్ల కోసం ఒక మాట, ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. సరైన స్పోర్ట్స్ బ్రా లేకపోతే ట్రాట్‌లో నొప్పి వల్ల భుజాలు వాటంతట అవే ముందుకు ముడుచుకుంటాయి. కోచ్ మగవాళ్లైతే వాళ్లకు ఆ సంగతి తట్టదు, అమ్మాయిలు చెప్పరు. నాకు భుజాలు నిలబడింది గట్టిగా పట్టుకునే బ్రా మార్చాకే. బాడీ ప్రొటెక్టర్ కూడా చూసుకోండి. కూర్చున్నప్పుడు దాని వెనక అంచు జీనుకు తగులుతుంటే, అది పైకి నెట్టి భుజాలను చెవుల దాకా ఎత్తేస్తుంది.

అశ్విని:
చాలా అవసరమైన మాట చెప్పావమ్మా. ప్రతి కొత్త అమ్మాయికీ మొదటి క్లాసులోనే చెప్పాల్సిన విషయం ఇది.

ఎడమవైపు:
నా సమస్య ముందుకు వాలడం కాదు, పక్కకి. ఎడమ చేతి వైపు తిరిగినప్పుడు సర్కిల్ లోపలికి ఒరిగిపోతానని, కుడి భుజం ఎత్తుగా ఉంటుందని అంటున్నారు. రికాబులు సమానంగానే ఉన్నాయి, అయినా కుడిది పొడవుగా అనిపిస్తుంది.

మడమకిందికి:
రికాబు పొడవుగా అనిపించి, కొలిస్తే సమానంగా ఉందంటే చాలాసార్లు నడుము ఒకవైపు కుంగి, కటి రెండో వైపుకి జారిందన్నమాట. భుజం ఎత్తి సరిచేయబోతే ఇంకా వంకర అవుతుంది. మీ వెనక నుంచి, గుర్రం తోక వైపు నుంచి వీడియో తీయించుకోండి. మీ వెన్ను గుర్రం వెన్ను మీద ఉందా, జీను మధ్యలో ఉందా అన్నది అందులో తెలుస్తుంది. మలుపులో లోపలి భుజం కుంగకుండా, రొమ్ము ఎముకను వెళ్లాల్సిన వైపు తిప్పండి. తల ఒక్కటే తిప్పి ఛాతీని అక్కడే వదిలేస్తే ఒరగడం తప్పదు.

వెన్నుపూస:
గుర్రాన్ని కూడా చూపించండి. జీను ఎప్పుడూ ఒకే వైపుకి జారుతుంటే, వేరే రౌతు ఎక్కినా అలాగే జారుతుంటే, వెనక కాలిలో కుంటి ఉండి ఉండొచ్చు. బయటికి కుంటకపోయినా పశువైద్యుడు పరీక్షిస్తే బయటపడుతుంది. దాని నొప్పిని మన భంగిమ తప్పుగా చూస్తూ ఉంటే పాపం అది మోస్తూనే ఉంటుంది.

దూకుడు:
జంపింగ్ చేసేవాళ్లకు ఇవన్నీ వర్తిస్తాయా? మాకు ముందుకు వంగడమే పని కదా.

పాతజీను:
వర్తిస్తాయి. మీరు మడిచేది తుంటి దగ్గర, వీపు మాత్రం చదునుగానే ఉండాలి. రికాబులు రెండు మూడు రంధ్రాలు పైకి కడతారు కాబట్టి తుంటి, మోకాలు, చీలమండ మూడూ మడిచి తీసుకోవడానికి చోటు ఉంటుంది. ఒకప్పుడు అడ్డంకి మీద రౌతులు వెనక్కి వాలేవారు, గుర్రం వీపు మీద, నోటి మీద ఆ బరువంతా పడేది. ఇటలీ అశ్వికదళంలో పనిచేసిన ఫెడెరికో కాప్రిల్లీ (1868–1907) దూకే గుర్రం తీరును గమనించి, రౌతే ముందుకు మడిచి దాని వీపును ఖాళీగా వదలాలని నేర్పాడు. ఈ రోజు అందరూ చేసేది అదే. ఆ స్థితిలో కూడా బరువు మడమలోకే దిగాలి, చూపు తర్వాతి అడ్డంకి మీద ఉండాలి. గుర్రం లేవకముందే భుజాలను మెడ మీద పడేస్తే దాని ముందుకాళ్ల మీద బరువు పెరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడే గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. మనం ఇంకొంచెం వేస్తే అది లేవడం కష్టమవుతుంది.

కొత్తరౌతు గారి గుర్రం వేగం పెంచడానికీ ఇదే కారణం. మీ బరువు ముందుకు పోతే, దాన్ని అందుకోవడానికి అది పరుగెత్తుతుంది.

కొత్తరౌతు:
ఇది తెలిశాక దాని మీద కోపం పోయింది. నేను వాలకపోతే అది నిజంగానే నెమ్మదిస్తోంది. ఊపిరి గురించి ఎవరైనా చెబుతారా? బిగబట్టేస్తున్నాను.

జూలు:
అడుగులు లెక్కపెడుతూ ఊపిరి తీయండి. ట్రాట్‌లో నాలుగు అడుగులు లోపలికి, నాలుగు అడుగులు బయటికి. బయటికి పైకి వినపడేలా వదలండి, ఎవరూ ఏమనుకోరు. వదిలేటప్పుడు పక్కటెముకలు దిగుతాయి, సీటు బరువెక్కుతుంది. తర్వాత తర్వాత హాఫ్ హాల్ట్ (ఆపబోయినట్టు చేసి గుర్రాన్ని సర్దుకోమనే సూచన) కూడా ఆ వదిలే ఊపిరితోనే ఇవ్వడం వస్తుంది, పగ్గాలు లాగక్కర్లేదు.

చేతక్:
నేనొకటి చెబుతాను, దీన్ని మాత్రం అశ్విని గారు కూడా కాదనరు. కోచ్‌ను లంజ్ క్లాసులు అడగండి. గుర్రాన్ని ఆయన తాడుతో తిప్పుతారు, మీకు దారి చూసుకోవడం, వేగం చూసుకోవడం ఉండదు, మీ శరీరం ఒక్కటే మీ పని. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్లు పగ్గాలూ రికాబులూ లేకుండా చాలాకాలం ఈ తాడు మీదే నేర్చుకుంటారు.

అశ్విని:
ఎందుకు కాదంటాను, నేను రాయబోతున్నదే అది! కొన్ని జాగ్రత్తలు మాత్రం. గుర్రం లంజ్‌కు అలవాటుపడినదై ఉండాలి, తాడు పట్టుకునేది అనుభవం ఉన్నవాళ్లై ఉండాలి. పగ్గాలను ముడివేసి మెడ మీద వదలండి, తీసేయకండి, అవసరమైతే అందాలి. మెడకు ఒక పట్టీ కట్టించుకోండి. తూలితే దాన్ని పట్టుకోవచ్చు, గుర్రం నోటికి దెబ్బ తగలదు. ఇరవై నిమిషాలు చాలు, సర్కిల్ మీద తిరగడం గుర్రం కీళ్లకు భారం. రెండు వైపులా సమానంగా తిప్పమనండి. మొదటిసారే రికాబులు తీసేయొద్దు. రికాబులతో మొదలుపెట్టి, చేతులు పక్కకి చాపి, ఒకటి తల మీద పెట్టి, భుజాలు వంతులవారీగా తిప్పి, చివర్లో ట్రాట్‌లో ఒక పదడుగులు రికాబులు వదిలి చూడండి. పట్టు కోసం మోకాళ్లు బిగుసుకుంటే వెంటనే వాక్‌కి తెచ్చి మళ్లీ పాదాలు రికాబుల్లో పెట్టుకోండి.

కొత్తరౌతు:
రేపే కోచ్‌ను అడుగుతాను. స్కూల్లో మెడ పట్టీ లేదు. రికాబు పట్టీని గుర్రం మెడ చుట్టూ కడితే సరిపోతుందా?

మడమకిందికి:
సరిపోతుంది. మెడ మొదట్లో, జీనుకు ముందు, నాలుగు వేళ్లు దూరేంత వదులుగా కట్టండి. గుర్రం తల దించితే చెవుల వైపు జారకుండా ఒక చిన్న తాడుతో జీను ముందు ఉంగరాలకు తగిలించండి.